‘డూ ద నీడ్‌ఫుల్’ తీసెయ్యి తల్లీ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాపార ఉత్తరం ముసాయిదా రెండుసార్లు చదివాను. వ్యాకరణానికి వంక పెట్టలేను. కానీ ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియెస్ట్’ దగ్గర ఆగిపోయాను. వాళ్లు ఏం చెయ్యాలి? ఎప్పటిలోగా చెయ్యాలి? ఆ రెండూ నీ మనసులో ఉన్నాయి గానీ ఉత్తరంలోకి రాలేదు. నీకు కావలసింది సంతకం పెట్టిన ఒప్పందం. అదే అడుగు: ‘ప్లీజ్ సెండ్ అస్ ద సైన్డ్ అగ్రిమెంట్ బై 14 మార్చ్.’ మరీ ముక్కుసూటిగా ఉందేమోనని జంకకు. మర్యాదకి ఒక్క ‘ప్లీజ్’ చాలు. దానికి ‘యువర్ గుడ్ సెల్ఫ్’ లాంటివి తగిలిస్తే అడిగిన పని కాస్తా వాటి వెనక దాక్కుంటుంది.

అక్కడ ‘బై’ బదులు ‘అంటిల్’ రాయకు. మన ‘లోగా’కీ ‘దాకా’కీ ఉన్న తేడాయే అది. తేదీలో నెల పేరు అక్షరాల్లోనే వెయ్యి. 03/04 అని రాస్తే బ్రిటన్‌లో ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4.

నేను దెబ్బతిన్న మాట ‘రివర్ట్’. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విదేశీ కొనుగోలుదారుకి పెంచిన ధరల పట్టిక పంపి, ‘ప్లీజ్ రివర్ట్ ఆన్ ద రేట్స్’ అని రాశాను. జవాబివ్వండి అని నా ఉద్దేశం. ఇంగ్లీషులో ఆ మాటకి మొదటి అర్థం పూర్వస్థితికి వెళ్లడం. పాత ధరకే ఇస్తామంటున్నాం కాబోలనుకుని ఆయన ఆ ధరకే ఆర్డరు పెట్టాడు. సర్దిచెప్పడానికి మూడు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఆయన జవాబుల్లో తొంగిచూసిన అనుమానం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ‘రిప్లై’ అని రాసుంటే సరిపోయేది.

‘డౌట్’ కూడా అలాంటిదే. మన ‘సందేహం’లో వినయం ఉంటుంది. ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ఇన్‌వాయిస్’ అంటే మాత్రం నీ బిల్లు నమ్మబుద్ధి కావడం లేదన్నట్టు వినబడుతుంది. ‘క్వశ్చన్’ అను. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ అక్కర్లేదు. ప్రతిపాదనని ‘టేబుల్’ చేద్దామని ఎప్పుడూ రాయకు. బ్రిటన్ వాళ్లకి అది చర్చకు పెట్టడం, అమెరికా వాళ్లకి పక్కన పెట్టడం.

బ్రిటిష్ పద్ధతిలో ‘డియర్ సర్’ అని మొదలుపెడితే చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పేరుతో పిలిస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’. అమెరికా వాళ్లకైతే ‘సిన్సియర్లీ’ చాలు.

ఇంకొక్కటి. మూడో పేరాలో ‘వి విల్ ట్రై టు డిస్పాచ్ సూన్’ అన్నావు. అది మాట ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? సరుకు ఏ రోజు బయలుదేరుతుందో గోడౌన్‌లో కనుక్కుని ఆ తేదీ వెయ్యి. వాళ్లే చెప్పలేకపోతే, ఎప్పటికి చెప్పగలవో ఆ రోజు రాయి. తిరగరాశాక నాకోసారి చూపించి పంపు.

పెదనాన్న