అమ్మలూ, వేసుకున్న ప్రతి మాత్రకీ పేరు రాసి పెట్టుకో

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మరక కనిపించిందని డాక్టరమ్మ గర్భం నిలవడానికి ప్రొజెస్టిరాన్ అనే హార్మోను మందు రాసిస్తే, పుట్టబోయేది ఆడపిల్లయితే దాని గర్భసంచి పాడవుతుందని ఎక్కడో చదివి మానేశావట. మీ అమ్మ చెప్పింది. ముందు డాక్టరమ్మకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పు, ఈరోజే. తర్వాత ఇది చదువు.

నువ్వు చదివింది అబద్ధం కాదు, కానీ అది వేరే మందు కథ. డీఈఎస్ అని, కృత్రిమంగా తయారుచేసిన ఈస్ట్రోజెన్, అంటే ఆడ హార్మోను. గర్భం నిలుస్తుందని 1940ల నుంచి అమెరికాలో లక్షల మందికి ఇచ్చారు. నిలబెట్టదని 1953లోనే తేలినా రాస్తూనే పోయారు. 1971లో బోస్టన్ డాక్టర్లు, అరుదైన యోని క్యాన్సర్ వచ్చిన 8 మంది గురించి ఆరా తీశారు. వాళ్ల తల్లుల్లో 7 మంది కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు వాడినవాళ్లే. పోలిక కోసం తీసుకున్న 32 మంది తల్లుల్లో ఒక్కరూ వాడలేదు.

క్యాన్సర్ కొద్దిమందికే వచ్చింది. పిల్లలు కలగకపోవడం మాత్రం చాలామందిని పట్టుకుంది. 2011లో వచ్చిన లెక్క ప్రకారం ఆ కూతుళ్లలో నూటికి 33 మందికి ఈ ఇబ్బంది, మందు సోకనివాళ్లలో 15 మందికి. కొందరి గర్భసంచి ఇంగ్లీషు టీ అక్షరంలా తయారైంది. ఆడబిడ్డ గర్భసంచి, ట్యూబులు తల్లి కడుపులోనే రూపు కడతాయి మరి. అండాలూ అంతే. 20 వారాలకి 60, 70 లక్షలుండి, పుట్టేసరికి 10, 20 లక్షలకి తగ్గుతాయి. అప్పుడు జరిగిన చెరుపు ఏళ్లు గడిచాక గానీ బయటపడదు.

నీకు రాసింది ఒంట్లో సహజంగా ఊరే ప్రొజెస్టిరాన్. నీలాగే ముందొకసారి గర్భం పోయి, మళ్లీ మరక కనిపించినవాళ్లకి బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021 నుంచి దీన్నే సూచిస్తున్నాయి. థైరాయిడ్ మాత్ర కూడా సొంతంగా ఆపకు.

నాకు అసలు భయం పేరులేని మందులంటేనే. మగపిల్లాడు పుడతాడని ఎవరైనా పొడి తెస్తే, మీ అత్తగారి మనసు నొచ్చుకున్నా సరే, నోట్లో పెట్టకు. హర్యానాలో అలాంటివి పరీక్షిస్తే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోనూ, ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలూ దొరికాయి. ఆడో మగో గర్భం ధరించినప్పుడే తేలిపోతుంది, పొడి మార్చేదేమీ లేదు. ఎలుకల సంగతి మనుషులకి అచ్చంగా వర్తించదు గానీ, ఐదు రోజుల ఆడ ఎలుకపిల్లకి ఒక్క టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తే పెద్దయ్యాక అండం విడుదలే కాలేదని 1961లోనే చూపించారు.

ఘోషాసుపత్రి ఓపీలో నర్సుగా ఉన్నప్పుడు ఎంతమందిని చూశానో. ఏం వాడుతున్నావమ్మా అంటే, "తెల్లది పొద్దున్న, గులాబీది రాత్రి" అనేవారు. కవర్లోంచి తీసిన స్ట్రిప్పు మీద పేరున్న ముక్క ఎప్పుడో చింపేసి ఉండేది. నువ్వు పేరు లేని వైపు నుంచి కత్తిరించుకో. చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టు. ఏ మాత్ర ఎన్నో వారంలో మొదలెట్టావో, ఎప్పుడు ఆపావో పక్కనే పెన్నుతో రాయి. మందుల షాపు బిల్లుని ఆ వారమే జిరాక్స్ తీయించు, మన విశాఖ ఉక్కపోతకి అక్షరాలు ఇట్టే చెరిగిపోతాయి. బిడ్డ పెద్దయ్యాక ఆ ఫైలు చేతికియ్యి, కొడుకైనా సరే. బోస్టన్ డాక్టర్లకి దారి దొరికింది తల్లులు ఏం వాడారో తెలియబట్టే.

ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ప్రొజెస్టిరాన్ ఎన్నో వారం దాకా వాడాలో అడిగి రాయించుకో.

సీతమ్మధార నుంచి,
మీ పెద్దమ్మ