మహమ్మారి వేళ ఆస్పత్రి సిబ్బందికి సామాన్యులు ఎలా అండగా నిలవాలి?

ఈ ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెబుతాను. వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు ఖాళీ చేయించకండి, వాళ్ల జీతం నెలనెలా అందాలని గొంతెత్తి అడగండి. సన్మానాల సంగతి ఆ తర్వాత.

కరోనా మొదలైన రోజుల్లో, 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు సికింద్రాబాద్‌లోని మా వారాసిగూడ వీధిలో అందరం మేడలెక్కి చప్పట్లు కొట్టాం. మే 3న వాయుసేన హెలికాప్టర్ గాంధీ ఆస్పత్రి మీద పూలు చల్లింది. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే సరిగ్గా ఈ రెండు తేదీల నడుమనే, ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో, అంటే ప్రైవేటు ఏజెన్సీ తరఫున, స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న మా చెల్లెలిని బోయిగూడలోని ఆమె ఇంటి ఓనర్ ఖాళీ చేయమన్నాడు.

నైట్ డ్యూటీ ముగించుకొని వచ్చేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడట. ఒళ్లంతా కప్పేసే పీపీఈ కిట్ వేసుకున్నాక ఆరు గంటల పాటు మంచినీళ్లు తాగడానికీ, బాత్రూమ్‌కు వెళ్లడానికీ వీలుండదు కాబట్టి, డ్యూటీకి ముందునుంచే నీళ్లు మానేసేది మా చెల్లెలు. గాగుల్స్ ఒత్తిడికి బుగ్గల మీద కమిలిన గీతలు, గ్లవ్స్‌లో చెమటకు నాని బట్టలుతికినవాళ్ల వేళ్లలా తెల్లగా ముడతలు పడ్డ వేళ్లు, ఇవన్నీ ఆయనకు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా "అమ్మా, నీ మీద కోపం లేదు, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, నెలాఖరుకు వేరే చూసుకో" అన్నాడు. పై పోర్షన్‌కు నీళ్ల మోటారు కూడా వేయలేదు. లాక్‌డౌన్‌లో బస్సుల్లేవు, ఏ ఇంటికీ టు-లెట్ బోర్డు లేదు, ఊరికి పోదామన్నా దారి లేదు.

అప్పుడు కింది పోర్షన్‌లో ఉండే పిన్ని ఒక బకెట్టు వేడినీళ్లు తెచ్చి మెట్ల మీద పెట్టి, ఓనర్ వైపు తిరిగి, "రేపు మనకు జెరమొస్తే చూసేది ఈ పిల్లనే గదా, ఎట్ల పొమ్మంటవన్నా?" అని అడిగింది. ఆయన మారు మాట్లాడలేదు, మధ్యాహ్నానికి మోటారు వేశాడు. మా చెల్లెలు ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ఏడాది ఏప్రిల్ 22న కేంద్రం తెచ్చిన ఆర్డినెన్స్, వైద్య సిబ్బంది నివాసానికీ పనికీ ఇబ్బంది కలిగించే వేధింపును కూడా హింసగానే పరిగణించి, 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చని చెప్పింది. మంచి చట్టమే. కానీ రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి పోలీస్ స్టేషన్ మెట్లు ఎప్పుడు ఎక్కాలి? ఆ పిన్నిలాంటి పొరుగువాళ్లు ఒక్కొక్కరుంటే చట్టం దాకా పోనవసరమే ఉండదని నా గట్టి నమ్మకం.

డ్యూటీలో ప్రాణం పోతే 50 లక్షల బీమా అన్నారు. అది అవసరమే, కాదనను. బతికి పనిచేస్తున్నవాళ్లకు జీతం రెండేసి నెలలు ఆలస్యమైతే మాత్రం అడిగే నాథుడు లేకపోయాడు. ఏజెన్సీని అడిగితే పైనుంచి బిల్లు రాలేదంటారు, పైవాళ్లను అడిగితే ఏజెన్సీని అడగమంటారు. కాలనీల్లో శాలువాలు కప్పేటప్పుడు కూడా ముందు వరుసలో అధికారులే ఉన్నారు, రోగిని స్ట్రెచర్ మీదికి ఎత్తినవాళ్లు ఎక్కడా కనిపించలేదు. అందుకే 2021 జనవరి 16న గాంధీ ఆస్పత్రిలో తెలంగాణలోనే తొలి టీకాను ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది.

నా దృష్టిలో అసలైన కృతజ్ఞత అంటే 2023 స్టాఫ్ నర్సుల నియామకంలో జరిగినదే. పరీక్షకు 80 మార్కులు పెట్టి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు 20 మార్కుల వరకు ఇచ్చారు. మా చెల్లెలు ఆ మార్కుల బలంతోనే రెగ్యులర్ ఉద్యోగి అయింది. ఆమెతో పాటు కిట్ వేసుకొని అదే వార్డులో శవాలను మోసిన వార్డుబాయ్ మాత్రం ఇప్పటికీ ఏజెన్సీ కిందే ఉన్నాడు. మీ ప్రాంత ఎమ్మెల్యే మీ కాలనీకి వచ్చినప్పుడు, రోడ్డు గురించీ డ్రైనేజీ గురించీ అడిగే ముందు, అలాంటివాళ్ల జీతం గురించి అడగండి.