బోరు మోటారు కోసం నూటికి నాలుగు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర సొంతిల్లు. 330 అడుగుల బోరులో ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారును బావమరిది, నేను కలిసి దించాం. ఐదు నెలల్లో రెండుసార్లు కాలింది. మొదటిసారి రీవైండింగ్‌కు (లోపలి తీగచుట్టలు మళ్లీ చుట్టడానికి) 5,500 అయింది. ఇప్పుడు మెకానిక్ అంతా మార్చాలంటున్నాడు: కొత్త 2 హెచ్‌పీ మోటారు 24,000, పైపులు 14,000, కేబుల్ 9,000, ప్యానెల్ 5,000, కూలి, జాయింటు, ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు) కలిపి 4,000. మొత్తం 56,000. నా జీతం 45,000, ఖర్చులు 34,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) 5,000. సిప్‌లో 72,000 చేరింది కానీ అది పాప చదువుకు, ముట్టుకోను. బ్యాంకులో 6,000 ఉంది. తెలిసినాయన నూటికి నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? (1.5 ఎంఎం కేబుల్ వేశాం, జాయింటుకు నల్ల టేపు చుట్టాం, మోటారు అడుగుకు ఆనించాం.)

జవాబు: వద్దు. 56,000కు నూటికి నాలుగంటే నెలకు 2,240, ఏడాదికి 26,880. అసలు రూపాయి కూడా తగ్గదు. ఏడాదికి 48 శాతానికి అప్పు తెస్తూ, పక్కన 72,000ను కదపనంటే అది పొదుపు ఎలా అవుతుందండీ? పాప చదువు డబ్బును కాపాడుతున్నామనుకుంటూ వడ్డీ రూపంలో దాన్నే కరిగిస్తున్నారు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి కాబట్టే మీది తీసుకున్నాను.

అసలు 56,000 కావాలా అన్నది ముందు తేల్చుకోండి. మోటారు ఎందుకు కాలిందో మీ ప్రశ్నలోనే ఉంది. 100 మీటర్ల 1.5 చదరపు ఎంఎం రాగి కేబుల్‌కు రానూపోనూ దాదాపు 2.4 ఓమ్‌ల నిరోధం. ఈ మోటారు సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 వోల్టులు దారిలోనే పోతాయి. సాయంత్రం మీ లైన్లో 200 వోల్టులే ఉంటే మోటారుకు అందేది 176. ఆ తగ్గిన వోల్టేజీ మీద మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ మాడుతుంది. 4 చదరపు ఎంఎం వేస్తే నష్టం 10 వోల్టులకు దిగుతుంది. దీన్ని వదిలేసి 2 హెచ్‌పీ పెడితే కరెంటు పెరిగి, ఆ నష్టమూ పెరుగుతుంది.

రెండోది, అడుగుకు ఆనించడం. మోటారు చుట్టూ నీళ్లు పారితేనే అది చల్లబడుతుంది. బురదలో కూరుకుంటే ఆ పారకం ఉండదు, ఇసుక కూడా లోపలికి లాగుతుంది. అడుగు నుంచి కనీసం 15 అడుగులు పైకి వేలాడదీయాలి. నల్ల టేపు జాయింటు సంగతి చెప్పక్కర్లేదు. వైర్లను ఫెర్రూల్‌తో (లోహపు గొట్టంతో) నొక్కి, దేనికది విడిగా రబ్బరు టేపు సాగదీసి చుట్టి, ఆపై పీవీసీ టేపు వేయాలి. ఆ జాయింటును బకెట్ నీళ్లలో ముంచి మెగ్గర్ (కరెంటు బయటికి లీకవుతోందా అని చూసే మీటరు) పెట్టించండి. బోరులోకి దించాక మళ్లీ చూసినప్పుడు 2 మెగాఓమ్‌ల కంటే తక్కువ వస్తే కూలి డబ్బు ఇవ్వకుండా ఆపండి. కేబుల్‌ను ప్రతి పది అడుగులకూ పైపుకు కట్టాలి, లేకపోతే కేసింగ్‌కు రాసుకుని తొక్క లేచిపోతుంది. నీళ్లు నింపే రకం మోటారైతే నీళ్లు నింపే దించాలి. ఎర్తింగ్ తప్పనిసరి. పైకి తీసేటప్పుడు మెయిన్ ఆపి, చైన్ పుల్లీతోనే లాగాలి. కేబుల్ పట్టుకుని లాగితే జాయింటు ఊడి మోటారు బోరులోనే ఉండిపోతుంది.

పైపులు పగలకపోతే వాటినే దించండి. పంపు భాగం విప్పించి ఇంపెల్లర్లు (నీళ్లను పైకి నెట్టే చక్రాలు) అరగలేదని చూసుకుంటే, అదే మోటారుకు రీవైండింగ్ 5,500, కేబుల్ 9,000, ఓవర్‌లోడ్, డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం) నుంచి రక్షణ ఉన్న ప్యానెల్ 5,000, కూలి వగైరా 4,000. మొత్తం 23,500. రెండుసార్లు కాలిన మోటారుకు వారంటీ వస్తుందని ఆశ పెట్టుకోకండి, అడగడం మాత్రం అడగండి.

బ్యాంకులోని 6,000 పోను 17,500 తక్కువ. సిప్ నుంచి 20,000 వెనక్కి తీసుకోండి, నాలుగైదు రోజుల్లో ఖాతాలో పడుతుంది. ఆ వారం ట్యాంకర్ కొనుక్కున్నా మీ ఫైనాన్స్ ఆయన మొదటి నెల వడ్డీ కంటే తక్కువే అవుతుంది. బంగారం కుదువ పెడితే వడ్డీ దీనికంటే చాలా తక్కువ, కానీ మీకు ఆ అవసరం కూడా లేదు. క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం, లోన్ యాప్‌లు: వాటి ఊసెత్తకండి.

ఇక అసలు జబ్బుకు వద్దాం. ఖర్చులు 34,000 ఉన్న ఇంట్లో చేతిలో 6,000 అంటే ఆరు రోజుల ఖర్చు కూడా కాదు. మూడు నెలల ఖర్చు, అంటే 1,02,000, విడిగా ఉండే వరకు సిప్ ఆపేయండి. పాప చదువు పేరు చెప్పి దీన్ని వాయిదా వేయొద్దు. ఆ 5,000, నెలనెలా మిగిలే 6,000లో 3,000 కలిపి జీతం పడ్డ రోజే ఆర్‌డీకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు) వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. 13 నెలల్లో 1,04,000 అవుతుంది. ఇంటి డబ్బుతో కలవకుండా వేరే ఖాతాలో ఉంచండి. సిప్ ఆ తర్వాతే. ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఆ తెలిసినాయనకు ఖాళీ ప్రామిసరీ నోటు మీద గానీ చెక్కు మీద గానీ సంతకం చేసి ఇచ్చి ఉంటే, మోటారు పని మొదలుపెట్టకముందే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.