పెద్ద మ్యాచ్ కోసం ఆగకండి, దగ్గర్లో ఉన్న చిన్న బౌల్‌కి వెళ్లండి

ఈ మధ్యే ఎమ్మెస్‌కి వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న ఇది: "అన్నా, డిసెంబరు వచ్చేసరికి మా ల్యాబ్‌లో అందరూ బౌల్ గేమ్స్ గురించే మాట్లాడుతున్నారు. ఛాంపియన్ ఎవరో తేల్చడానికి ప్లేఆఫ్ ఉంది కదా, మరి మిగతా బౌల్స్ అన్నీ ఎందుకు? డబ్బులు పెట్టి వెళ్తే దండగేనా?"

దండగ కాదు తమ్ముడూ, వెళ్లు. బౌల్ అంటే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో మామూలు సీజన్ అయ్యాక ఒక్కో ఊళ్లో రెండు టీముల మధ్య పెట్టే మ్యాచ్. నీతోపాటు ఇది చదివే కొత్తవాళ్లందరికీ ఇదే చెప్తున్నాను. ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీలో చదువుకున్నాను, ఇప్పుడు డల్లాస్ పక్కన ఉంటున్నాను, ఆగస్టు చివర మొదటి కిక్ నుంచి జనవరి ఫైనల్ దాకా ఒక్క వారం కూడా వదలను. ఈ ఆట మీద నాకున్న ప్రేమ ఒక కారణం. రెండోది, కొత్తగా వచ్చినవాళ్లకి ఈ దేశంలో డిసెంబరంత ఒంటరి నెల ఇంకోటి లేదు. సెమిస్టర్ అయిపోతుంది, అమెరికన్ రూమ్మేట్లు ఇళ్లకి వెళ్లిపోతారు, క్యాంపస్‌లో తినడానికి కూడా ఏదీ తెరిచి ఉండదు, సాయంత్రం అయిదున్నరకే చీకటి, ఇండియా టికెట్ల ధర చూస్తే వెళ్లే ఆలోచనే పోతుంది. సరిగ్గా ఆ మూడు వారాల్లోనే దాదాపు రోజూ ఎక్కడో ఒక ఊళ్లో బౌల్ ఉంటుంది. గదిలో ఫోన్ చూస్తూ కూర్చునే బదులు జనంలోకి వెళ్లడానికి అంతకన్నా మంచి వంక దొరకదు.

ముందు లెక్క తెలుసుకోండి. పై స్థాయిలో ఆడే కాలేజీ టీములు సుమారు 135. ఒక్కో టీమ్ మామూలు సీజన్‌లో 12 మ్యాచ్‌లు ఆడుతుంది, ఆరు గెలిస్తే బౌల్‌కి అర్హత వచ్చినట్టే. బౌల్స్ నలభైకి పైగా ఉన్నాయి. ఆరు గెలిచిన టీములు సరిపోకపోతే, అయిదు మాత్రమే గెలిచినవాటిలో చదువుల రికార్డు బాగున్నవాటిని పిలుస్తారు. 2023లో మిన్నెసోటా అలాగే వెళ్లింది, డెట్రాయిట్‌లో బౌలింగ్ గ్రీన్ మీద 30-24తో గెలిచింది కూడా. "అయిదు గెలిచి ఏడు ఓడిన టీముకి బౌల్ ఏంటి" అని విసుక్కునేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ రోజు గెలిచి ఒకరినొకరు కావలించుకున్న పిల్లలకి అది చిన్న విషయం కాదు.

ఇదంతా మొదలైంది చలికాలంలో ఎండ కాసే ఊళ్ల వల్ల. కాలిఫోర్నియాలోని పసడీనాలో 1890 నుంచి కొత్త సంవత్సరానికి పూల ఊరేగింపు చేస్తున్నారు. 1902 జనవరి 1న దాంతోపాటు ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు, మిషిగన్ 49-0తో స్టాన్‌ఫర్డ్‌ని చిత్తు చేసింది. తర్వాత చాలా ఏళ్లు పెట్టలేదు, 1916 నుంచి మాత్రం ఏటా జరుగుతోంది. అదే రోజ్ బౌల్. దాన్ని చూసి 1935లో మయామీలో ఆరెంజ్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్, ఎల్ పాసోలో సన్ బౌల్, 1937లో డల్లాస్‌లో కాటన్ బౌల్ వచ్చాయి. మంచులో ఇరుక్కున్న ఊళ్ల జనం సెలవులకి తమ దగ్గరికి రావాలని ఆ ఊళ్ల ఆశ, హోటళ్లు నిండాలని కూడా. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత 1942 రోజ్ బౌల్‌ని నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఆడారు, 2021లో కోవిడ్ వల్ల డల్లాస్ పక్కనున్న మా ఆర్లింగ్టన్‌కి తెచ్చారు. అంటే యుద్ధం వచ్చినా మహమ్మారి వచ్చినా ఊరు మార్చారే గానీ ఆట మానలేదు.

ప్లేఆఫ్ సంగతి చెప్తాను. 2014 సీజన్ నుంచి నాలుగు టీములతో ఉండేది, 2024 నుంచి పన్నెండు అయ్యాయి. మొదటి రౌండు క్యాంపస్‌లలోనే జరుగుతుంది, క్వార్టర్ ఫైనల్స్, సెమీస్ మాత్రం రోజ్, షుగర్, ఆరెంజ్, కాటన్, ఫియస్టా, పీచ్ బౌల్స్ పేరు మీదే ఆడతారు. ఇంతే. టీవీలో దీని గురించే మాట్లాడతారు కాబట్టి మిగతా బౌల్స్ లెక్కలో లేవేమో అనిపిస్తుంది. కానీ ఆ చిన్న బౌల్స్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే మీ అభిప్రాయం మారుతుంది.

బౌల్‌కి అర్హత వస్తే టీముకి డిసెంబరులో అదనంగా ప్రాక్టీస్ రోజులు దొరుకుతాయి. సీజనంతా బెంచీ మీద కూర్చున్న మొదటి ఏడాది పిల్లలు కోచ్ కంట్లో పడేది అప్పుడే, వచ్చే ఏడాది టీమ్ సగం అక్కడే తయారవుతుంది. నాలుగో ఏడాది కుర్రాళ్లలో చాలామందికి అది జీవితంలో ఆఖరి మ్యాచ్, ఎందుకంటే వాళ్లలో ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లేది కొద్దిమందే, మిగతావాళ్లు సోమవారం నుంచి మనలాగే ఉద్యోగం వెతుక్కోవాలి. వాళ్ల అమ్మానాన్నలు ఎనిమిది, పది గంటలు కారు నడుపుకుని వచ్చి కొడుకు నంబరున్న జెర్సీ వేసుకుని ముందు వరసల్లో కూర్చుంటారు. చివరి విజిల్ వేశాక గ్రౌండ్ మీద వాళ్లని చూడండి. ఆ టీమ్ పేరు మీరు అంతకుముందు విని ఉండకపోవచ్చు, అయినా గొంతు పట్టేస్తుంది.

చిన్న బౌల్స్‌కి వాటి వాటి ముచ్చట్లు కూడా ఉన్నాయి. షార్లట్‌లో డ్యూక్స్ మేయో బౌల్ గెలిచిన కోచ్ నెత్తిన మేయనీజ్ కుమ్మరిస్తారు, బాయిసీలో పొటేటో బౌల్ నీలం రంగు గడ్డి మీద జరుగుతుంది, ఆర్లాండోలో పాప్-టార్ట్స్ అనే తీపి పేస్ట్రీ పేరు మీదున్న బౌల్ గెలిచినవాళ్లు ఆ పేస్ట్రీ మస్కట్‌నే టోస్ట్ చేసి తినేస్తారు. ఇదంతా స్పాన్సర్ల హడావుడి అనేవాళ్లుంటారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కష్టపడిన సీజన్‌ని నవ్వుతూ ముగిస్తున్నారు, నాకు అది చాలు.

ఆట తెలియదే అని ఆగకండి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి. అవతలి చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, ఆపైన బంతిని తన్ని ఒక పాయింటు తీసుకోవచ్చు, లేదా ఇంకోసారి గీత దాటి రెండు తీసుకోవచ్చు. గీత దాకా వెళ్లలేకపోతే దూరం నుంచి తన్ని మూడు. ఇది వచ్చు అంటే మ్యాచ్ చూడ్డం వచ్చినట్టే. మిగతాది పక్క సీటు పెద్దాయన్ని అడగండి, కొత్తవాళ్లకి ఆట చెప్పడమంటే ఇక్కడివాళ్లకి ఎంత ఇష్టమో మీకే తెలుస్తుంది.

ఆ రెండు పాయింట్ల నిర్ణయం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే 2007 జనవరి 1 ఫియస్టా బౌల్ వీడియో వెతికి చూడండి. పెద్దగా ఎవరూ లెక్కచేయని బాయిసీ స్టేట్ ఒకవైపు, ఓక్లహోమా ఇంకోవైపు. బాయిసీ వాళ్లు ఏడు పాయింట్లు వెనకబడి, పద్దెనిమిది సెకన్లు మిగిలి ఉండగా, నాలుగో ప్రయత్నంలో పద్దెనిమిది గజాలు కావాల్సిన చోట, బంతి పట్టినవాడు పక్కన పరిగెత్తుతున్నవాడికి ఇచ్చేసి టచ్‌డౌన్ చేసి సమం చేశారు. అదనపు సమయంలో మళ్లీ టచ్‌డౌన్ చేశాక ఒక్క పాయింటు తేడా మిగిలింది. తన్ని సమం చేసుకునే వీలున్నా కోచ్ రెండు పాయింట్లకే వెళ్లమన్నాడు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ముఖ్య ఆటగాడు, కుడివైపు విసిరినట్టు నటించి, ఎడమ చేత్తో వీపు వెనక నుంచి ఇయాన్ జాన్సన్‌కి బంతి అందించాడు. 43-42. మ్యాచ్ అయ్యాక ఆ జాన్సన్ గ్రౌండ్ మీదే తన చీర్‌లీడర్ ప్రియురాలిని పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఆ మ్యాచ్ ఛాంపియన్‌షిప్ కోసం కాదు. "అర్థం లేని బౌల్స్" అనేవాళ్లకి నేను ముందు చూపించేది అదే.

నా టీమ్ గురించి కూడా చెప్పనివ్వండి. 2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో, వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద, పంతొమ్మిది సెకన్లు మిగిలి ఉండగా నాలుగో ప్రయత్నంలో విన్స్ యంగ్ మూలకి పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 41-38. ఆ గెలుపుకి ఆస్టిన్‌లో యూనివర్సిటీ టవర్‌ని నారింజ రంగు దీపాలతో వెలిగించారు, కిటికీల్లో ఒకటి అంకె కనిపించేలా. దానికి సరిగ్గా తిరగేసిన రాత్రి 2025 జనవరి 10, ఆర్లింగ్టన్‌లో కాటన్ బౌల్, ఒహాయో స్టేట్‌తో సెమీఫైనల్. ఏడు పాయింట్లు వెనకున్నాం, బంతి గీతకి ఒక్క గజం దూరంలో ఉంది. పక్కకి ఇచ్చిన ఒక పాస్‌తో ఏడు గజాలు వెనక్కి పోయాం. నాలుగో ప్రయత్నంలో జాక్ సాయర్ వచ్చి మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, తనే పట్టుకుని 83 గజాలు పరిగెత్తాడు. వాళ్లిద్దరూ ఒకప్పుడు ఒహాయోలో రూమ్మేట్లు. 28-14. ఆ ఒక్క గజం గురించి ఇప్పటికీ నాకు కోపం పోలేదు, అంత దగ్గరికి వెళ్లాక మధ్యలోంచి తోసుకుంటూ వెళ్లాలి గానీ పక్కకి ఇవ్వకూడదు.

పెద్ద ఆటగాళ్లు బౌల్ ఆడకుండా తప్పుకుంటున్నారు కదా అని అడుగుతారు. అవును, తప్పుకుంటున్నారు, అయినా వాళ్లని తిట్టకండి. 2016 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో నోటర్ డేమ్ కుర్రాడు జేలన్ స్మిత్ మోకాలు పోయింది. ప్రొఫెషనల్ టీములు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి అయిదుగురిలో ఉంటాడనుకున్నవాడు రెండో రౌండుకి జారాడు, కోట్ల డాలర్లు పోయాయి. అదే ఏడాది చివర లెనార్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ తాము బౌల్ ఆడబోమని ముందే చెప్పేశారు, అప్పటి నుంచి అది మామూలైంది. 2023లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఫ్లోరిడా స్టేట్‌ని ప్లేఆఫ్‌కి తీసుకోలేదు, మనసు విరిగి చాలామంది తప్పుకున్నారు, ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడారు. తప్పు ఆ కుర్రాళ్లది కాదని నా గట్టి నమ్మకం. ఇలా ఎవరు ఆడతారో చివరి దాకా తెలియదు కాబట్టే బెట్టింగ్ యాప్‌ల జోలికి అస్సలు పోకండి. ఫీజు డబ్బులు పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు.

ఇక వెళ్లడం సంగతి. మీ యూనివర్సిటీ టీమ్ బౌల్‌కి వెళ్తే ముందు స్టూడెంట్ టికెట్ల గురించి అక్కడే కనుక్కోండి. లేకపోతే మీరున్న ఊరికి దగ్గరగా ఏముందో చూడండి. మా డల్లాస్ చుట్టుపక్కలే కాటన్ కాకుండా ఫ్రిస్కో బౌల్, ఫస్ట్ రెస్పాండర్ బౌల్, ఫోర్ట్ వర్త్‌లో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బౌల్ ఉన్నాయి. చిన్న బౌల్స్ టికెట్లు మ్యాచ్ దగ్గరపడేకొద్దీ రీసేల్ యాప్‌లలో చాలాసార్లు బాగా తగ్గుతాయి, కాబట్టి తొందరపడకండి. పార్కింగ్ మాత్రం ముందే కొనండి, ఒక్కోసారి టికెట్టు కన్నా అదే ఎక్కువ. నలుగురు ఒక కారులో వెళ్లండి, తాగినవాడికి తాళాలు ఇవ్వకండి.

లోపలికి పారదర్శకమైన బ్యాగ్ మాత్రమే రానిస్తారు, ల్యాప్‌టాప్ బ్యాగ్ వేసుకుని వెళ్తే కారు దాకా వెనక్కి నడవాల్సిందే. బయట తిండి చాలాచోట్ల లోపలికి రానివ్వరు, శాకాహారులకి నాచోస్, ప్రెట్జెల్, ఫ్రైస్ తప్ప పెద్దగా ఉండవు. అందుకే రెండు మూడు గంటలు ముందే వెళ్లి, టెయిల్‌గేటింగ్‌కి ఒప్పుకునే పార్కింగ్ అయితే అక్కడే డిక్కీ తెరిచి పులిహోర తినేయండి. పక్క కారు వాళ్లకి కూడా పెట్టండి, వాళ్లు బార్బెక్యూ ఇస్తారు. మాంసం తినకపోతే మొహమాటం లేకుండా చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. పైకప్పు లేని స్టేడియం అయితే దుప్పటి తప్పనిసరి, ఆ ఇనప బెంచీల చల్లదనం మూడున్నర గంటలు భరించడం కష్టం. హాఫ్‌టైమ్‌లో లేచి వెళ్లిపోకండి, కాలేజీ బ్యాండ్లు వాయించేది అప్పుడే. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లని కూడా తీసుకెళ్లండి, ఆట అర్థంకాకపోయినా బ్యాండు వాళ్లకి నచ్చుతుంది.

ఒక టీమ్ రంగు వేసుకున్నారంటే మ్యాచ్ అయ్యేదాకా ఆ టీముతోనే ఉండండి. మా టెక్సాస్ టీమ్ వాళ్ల మధ్య ఫొటో దిగేటప్పుడు చూపుడువేలు, చిటికెనవేలు పైకెత్తి కొమ్ముల గుర్తు పెట్టండి, దాన్ని తలకిందులుగా మాత్రం పెట్టకండి, అది తిట్టినట్టు. ఇంకో ముఖ్యమైన విషయం, మ్యాచ్ రోజు పార్కింగ్ చూసుకుంటే చేతికి డబ్బులిస్తామని ఎవరైనా అంటే ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఒప్పుకోవద్దు, అది అనుమతి లేని పని కిందికి వస్తుంది, స్టేటస్‌కే ముప్పు.

ఏ టీమ్ ఏ బౌల్‌కి వెళ్తుందో డిసెంబరు మొదట్లో, కాన్ఫరెన్స్ (టీముల గ్రూపు) ఫైనల్స్ అయిన మర్నాడు ఆదివారం తెలిసిపోతుంది. ఆ సాయంత్రం జాబితా తెరిచి మీ ఊరికి రెండు మూడు గంటల దూరంలో ఏది ఉందో చూసుకోండి, రూమ్మేట్లని అడగండి. డల్లాస్ వైపు అయితే కామెంట్లో రాయండి, నా కారులో చోటుంటే తీసుకెళ్తాను.