ప్రైవేట్‌ను సిపాయి అనవచ్చునా?

సందేహం: విదేశీ యుద్ధ కథనాలు తెలుగు చేస్తున్నాను. సైనికుల పేర్లకు ముందు ‘ప్రైవేట్’ అన్న హోదా తరచుగా వస్తోంది. దాన్ని సిపాయి అనాలా, జవాను అనాలా, సైనికుడు అంటే సరిపోతుందా? ‘ప్రైవేటు సైనికుడు’ అన్న అనువాదం కూడా చూశాను. అసలు మన సైన్యం గురించి రాసేటప్పుడు సిపాయి, జవాను ఒకటేనా?

సమాధానం: ముందుగా ‘ప్రైవేటు సైనికుడు’ సంగతి తేల్చుకుందాం. అలా ఎప్పుడూ రాయకండి. తెలుగులో ప్రైవేటు అంటే ప్రభుత్వానిది కానిది: ప్రైవేటు బడి, ప్రైవేటు బస్సు. ‘ప్రైవేటు సైనికుడు’ అని చదవగానే ఎవరో డబ్బిచ్చి పెట్టుకున్న కిరాయి సైనికుడు మనసుకు వస్తాడు. ప్రభుత్వ సైన్యంలో జీతానికి పనిచేసే మనిషి ప్రభుత్వంతో సంబంధం లేనివాడైపోతాడు. ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్‌లోని ‘ప్రివాటుస్’. ఏ ప్రభుత్వ పదవీ చేపట్టనివాడు అని దాని అర్థం. ఆ లెక్కన ప్రైవేట్ సోల్జర్ అంటే పెత్తనమేదీ చేతిలో లేని సాధారణ సైనికుడు. వాడుకలో వెనకనున్న సోల్జర్ రాలిపోయి, ప్రైవేట్ ఒక్కటే హోదా పేరుగా నిలిచింది.

మీరు చెప్పిన మాటలు మూడూ మూడు రకాలు. సైనికుడు వృత్తిని చెప్పే మాట. సైన్యాధిపతీ సైనికుడే, నిన్న చేరినవాడూ సైనికుడే. జవాను పిలుపు. పారసీకంలో ఆ మాటకు యువకుడని అర్థం, సంస్కృతంలోని యువన్‌కు దగ్గరి చుట్టం. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి ‘జై జవాన్, జై కిసాన్’ అన్నప్పుడు ఏ ఒక్క హోదానో ఉద్దేశించలేదు. వాడుకలో అట్టడుగు సైనికుడూ జవానే, మూడు పట్టీల హవల్దారూ జవానే. సైన్యపు హోదాల పట్టికలో మాత్రం జవాను అన్న పేరు ఎక్కడా లేదు. కేంద్ర రిజర్వు పోలీసు దళం వారినీ జవాన్లంటాం, వారిలో అట్టడుగు హోదా కానిస్టేబుల్. అందుచేత ‘జవాను హోదాలో పనిచేస్తున్న’ అన్న ప్రయోగం తప్పు, ‘ఇద్దరు జవాన్లు గాయపడ్డారు’ అన్నది ఒప్పు. తెలుగువారి కార్యాలయాల్లో జవాను అంటే బంట్రోతు అన్న అర్థం కూడా ఉంది. కథలో ‘ఆఫీసు జవాను’ వస్తే అతని చేతికి తుపాకి ఇవ్వకండి. బంట్రోతు కూడా ఒకప్పుడు యుద్ధం మాటే, బంటు, రౌతు కలిసి పుట్టింది.

మూడోది సిపాయి. చిక్కంతా దీనితోనే, ఎందుకంటే ఇది పిలుపూ, హోదా రెండూ. పారసీకంలో సిపాహ్ అంటే సైన్యం, సిపాహీ సైన్యానికి చెందినవాడు. జనం నోట సిపాయి అంటే ఏ సైనికుడైనా కావచ్చు. ‘సిపాయిల తిరుగుబాటు’ అన్న పేరులో ఉన్నది ఆ విశాలమైన అర్థమే. 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో తిరగబడిన మంగళ్ పాండే పదాతి దళపు సిపాయి, అక్కడ హోదా కూడా సరిపోతుంది. కానీ మీరట్‌లో తూటాలు ముట్టబోమని సంకెళ్లు వేయించుకున్న 85 మంది 3వ బెంగాల్ లైట్ కావల్రీ వారు, అంటే గుర్రపు దళం వారు. హోదాల లెక్కన వారు సిపాయిలు కారు. చరిత్ర వ్యాసంలో తిరుగుబాటు పేరు మార్చనక్కరలేదు గానీ, ఆ 85 మందిని గురించి విడిగా రాసేటప్పుడు ‘రౌతులు’ అనడం సరైనది.

హోదాగా తీసుకుంటే భారత సైన్యంలో పదాతి దళపు తొలి మెట్టు సిపాయి. చొక్కా చేతి మీద ఏ పట్టీ ఉండదు. ఆ పైన ఒక పట్టీతో లాన్స్ నాయక్, రెండుతో నాయక్, మూడుతో హవల్దార్. నాయక్‌ను ‘నాయకుడు’ అని తెలుగు చేయకూడదు. అది హోదా పేరు, మారదు. ఇదే మెట్టుకు ఇతర విభాగాల్లో పేర్లు వేరు. ట్యాంకులుండే కవచ దళాల్లో సవార్, ఫిరంగులుండే శతఘ్ని దళంలో గన్నర్, ఇంజనీరింగ్ విభాగంలో సాపర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, మరమ్మతుల విభాగమైన ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్, పారాచూట్ రెజిమెంట్‌లో పారాట్రూపర్, గార్డ్స్ బ్రిగేడ్‌లో గార్డ్స్‌మన్. గూర్ఖా, గఢ్వాల్, రాజ్‌పుతానా వంటి రైఫిల్ రెజిమెంట్లలో రైఫిల్‌మన్. 1999 కార్గిల్ యుద్ధంలో పరమవీర చక్ర అందుకున్న సంజయ్ కుమార్ 13వ జమ్మూకశ్మీర్ రైఫిల్స్‌లో రైఫిల్‌మన్, యోగేంద్ర సింగ్ యాదవ్ 18వ గ్రెనేడియర్స్‌లో గ్రెనేడియర్. ఇద్దరిదీ ఆనాడు ఒకే మెట్టు, పేర్లే వేరు. ‘సిపాయి సంజయ్ కుమార్’ అని రాస్తే ఆయన రెజిమెంట్ పేరుకు పొసగదు. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలోని హోలెబెక్ దగ్గర 1914 అక్టోబరు 31న చూపిన పరాక్రమానికి విక్టోరియా క్రాస్ పొందిన ఖుదాదాద్ ఖాన్ బలూచీ పదాతి దళం వాడు, కాబట్టి ‘సిపాయి ఖుదాదాద్ ఖాన్’ అన్నది అక్షరాలా సరైనది. రాసే ముందు రెజిమెంట్ పేరు చూసుకోవడం ఒక్కటే దీనికి దారి.

ఈ పేర్లను ముక్కలుగా విడదీసి తెలుగు చేయబోతే మరిన్ని పొరపాట్లు జరుగుతాయి. గన్నర్‌ను ‘తుపాకి పేల్చేవాడు’ అంటారు. శతఘ్ని దళంలో గన్ అంటే ఫిరంగి, తుపాకి కాదు. పైగా ట్యాంకులో కూర్చునే గన్నర్ వేరు: అక్కడది చేసే పని, శతఘ్ని దళంలో అది హోదా. గ్రెనేడియర్‌ను ‘గ్రెనేడులు విసిరే సైనికుడు’ అనడమూ ఇలాంటిదే. 17వ శతాబ్దిలో అది నిజం, ఇప్పుడు రెజిమెంట్‌ను బట్టి వచ్చే పేరు మాత్రమే. సాపర్ మరీ జాగ్రత్తగా చూసుకోవలసిన మాట. హోదాగా ఇంజనీరింగ్ విభాగపు తొలి మెట్టు, సమూహ నామంగా ఆ విభాగంలోని అందరూ. 2022 ఏప్రిల్ 30న సైన్యాధిపతి అయిన జనరల్ మనోజ్ పాండే బాంబే సాపర్స్ నుంచి వచ్చారు, ఆయననూ సాపర్ అంటారు. వాక్యంలో పేరుకు ముందు పెద్ద అక్షరంతో వస్తే ఇంగ్లీషు పాఠకుడికి హోదా అని తెలుస్తుంది. మన లిపిలో ఆ సదుపాయం లేదు. కాబట్టి సమూహార్థంలో ‘ఇంజనీరింగ్ విభాగపు సైనికులు’ అని విడమరచి, హోదా అయినప్పుడే ‘సాపర్ ఫలానా’ అని పేరుకు ముందు ఉంచితే మేలు.

అగ్నివీరుల విషయం ఈ మధ్య వచ్చింది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లకు చేరేవారిది ప్రత్యేకమైన హోదా, ఇప్పటికే ఉన్న ఏ హోదాతోనూ కలవదు. ప్రతి విడతలో 25 శాతం వరకు శాశ్వత సేవలోకి తీసుకుంటారు. ఆ నాలుగేళ్లలో అతన్ని సిపాయి అనకూడదు, అగ్నివీర్ అనే రాయాలి.

ఇక విదేశాలు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా సైనికుడిని సిపాయి అనవద్దనే నా మాట. హోదాగా ఆ పేరు ఇప్పుడు భారత్, పాకిస్తాన్, నేపాల్ సైన్యాల్లో ఉంది. ‘సిపాయి స్మిత్’ అని చదివినవాడు ఆ మనిషి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేశాడనుకుంటాడు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ భారతీయ సిపాయిలు, బ్రిటిష్ ప్రైవేట్లు పక్కపక్కనే పోరాడారు. ఆ కథనాల్లో రెండింటినీ ఒకే మాటతో చెబితే ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది. మొదటిసారి ‘ప్రైవేట్ స్మిత్ అనే సాధారణ సైనికుడు’ అనండి, తరవాత ‘ప్రైవేట్ స్మిత్’ చాలు. రాతలో ఒక చిన్న కట్టుబాటు పెట్టుకోవచ్చు: బడికీ బస్సుకీ ‘ప్రైవేటు’, హోదాకు పొల్లుతో ‘ప్రైవేట్’. ఉకారం లేని రూపం పేరు ముందు నిలిస్తే పాఠకుడికి బిరుదులా వినిపిస్తుంది.

బ్రిటన్‌లోనూ విభాగాన్ని బట్టి పేరు మారుతుంది: గన్నర్, సాపర్, సిగ్నలర్, ట్రూపర్, ఫ్యూసిలియర్, రైఫిల్‌మన్, కింగ్స్‌మన్. రాజును కాపాడే పదాతి దళాలైన ఫుట్ గార్డ్స్ వారికి గార్డ్స్‌మన్ అన్న పేరు 1918లో ఐదో జార్జి ఇచ్చినది. ట్రూపర్ దగ్గర రెండు జాగ్రత్తలు ఉన్నాయి. అమెరికాలో స్టేట్ ట్రూపర్ పోలీసు. ‘10 వేల ట్రూప్స్’ అంటే 10 వేల మంది సైనికులు, 10 వేల దళాలు కాదు. వార్తల అనువాదంలో ఈ తప్పు సైన్యాన్ని వందల రెట్లు పెంచేస్తుంది.

అమెరికా సైన్యంలో జీతపు శ్రేణి ఈ-1లో ఉన్నవాడూ ప్రైవేట్, ఈ-2లో ఉన్నవాడూ ప్రైవేట్. మొదటివాడికి చిహ్నం లేదు, రెండోవాడికి ఒక పట్టీ. ఈ-3లో ప్రైవేట్ ఫస్ట్ క్లాస్. వారి మెరైన్ దళంలో మాత్రం అదే ప్రైవేట్ ఫస్ట్ క్లాస్ ఈ-2. దీన్ని ‘మొదటి తరగతి ప్రైవేటు’ అంటే పాఠకుడికి బడి, రైలు పెట్టె గుర్తొస్తాయి. ‘శ్రేణి’ నయం. ఫ్రాన్సులో చిరకాలం తొలి మెట్టు రెండో శ్రేణి సైనికుడు, కొరియాలో ఇప్పటికీ అంతే. అంకె పెద్దదైతే హోదా చిన్నదన్నమాట. ‘ర్యాంకు’ అన్న మాటతో కూడా ఇదే గొడవ. తెలుగు చెవికి ర్యాంకు అంటే పరీక్షలో వచ్చేది, 1 అంటే అందరికంటే పైన. ‘అతి తక్కువ ర్యాంకు సైనికుడు’ అంటే పైవాడా కిందివాడా తేలదు. ‘తొలి మెట్టు హోదా’ అనండి.

చాలా భాషలు ఈ మనిషిని నిలబడిన చోటుతో గుర్తించాయి. రష్యన్‌లో ర్యాదవోయ్, పోలిష్‌లో షెరెగోవి, చైనీస్‌లో లియెబింగ్, హీబ్రూలో తురాయ్: అన్నిటికీ మూలం వరుస. కవాతులో వరుసలో నిలిచినవాడే సైనికుడు, వరుస బయట నిలిచి ఆజ్ఞ ఇచ్చేవాడు అధికారి. స్వీడన్, నార్వేల మెనిగ్‌కు సామాన్యుడని అర్థం. ఇరాన్‌లో సర్‌బాజ్, తల పణంగా ఒడ్డేవాడు. ఇన్నిటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. బంగ్లాదేశ్‌లో తొలి మెట్టు పేరే సైనిక్. అక్కడి వార్తలో పేరుకు ముందు ఆ మాట కనిపిస్తే అది హోదా అని గుర్తుపెట్టుకుని, తెలుగులో ‘సైనికుడు ఫలానా’ అనక ‘సైనిక్ ఫలానా’ అనే ఉంచండి.

జర్మన్‌తో ఒక పాత తప్పు ముడిపడి ఉంది. అక్కడ తొలి మెట్టు పేర్లు షుట్సె, గ్రెనడీర్, యేగర్, కనోనీర్, పియోనీర్ ఇలా విభాగాన్ని బట్టి. దాని పైమెట్టు గెఫ్రైటర్. కాపలా పని నుంచి మినహాయింపు పొందినవాడని మాటకు అర్థం. మొదటి ప్రపంచయుద్ధంలో బవేరియా సైన్యంలో హిట్లర్ హోదా అదే. ఇంగ్లీషువారు దాన్ని కార్పొరల్ చేశారు, తెలుగులోనూ ‘కార్పొరల్ హిట్లర్’ అనే రాస్తున్నాం. కార్పొరల్ చేతి కింద మనుషులుంటారు. నాటి గెఫ్రైటర్ కింద ఎవరూ లేరు. సమానమైన హోదా దొరకనప్పుడు దగ్గరిదాన్ని అంటగట్టకుండా మూలం పేరు ఉంచి, ‘సాధారణ సైనికుడికి ఒక మెట్టు పైన’ అని ఒక్క ముక్క చేర్చితే ఈ తప్పు రాదు.

భటుడు ఇక్కడ పనికిరాదు. రాజభటుడు, యమభటుడు, రక్షకభటుడు అన్నవాటితో ఆ మాట పురాణానికో పోలీసుకో అంటుకుపోయింది. తుపాకులు రాకముందు కాలపు యుద్ధాలు తెలుగు చేస్తుంటే మటుకు కాలిబంటు, రౌతు అన్న మాటలు చక్కగా ఒదుగుతాయి, వాడుకోండి. నౌకాదళం వారికి సిపాయి, జవాను రెండూ వద్దు, నావికుడు ఉంది. వైమానిక దళంలో ఎయిర్‌మన్ అన్న హోదాను వైమానికుడు అంటే విమానం నడిపేవాడని పొరబడతారు. అతను నేల మీద యంత్రాలు చూసుకునేవాడై ఉండవచ్చు. ఎయిర్‌మన్ అనే ఉంచండి.

మీరు అడగకపోయినా అనువాదంలో తప్పకుండా ఎదురయ్యే సంగతి ఒకటుంది. ఈ హోదాల్లో ఇప్పుడు స్త్రీలూ ఉన్నారు. భారత సైన్యపు మిలిటరీ పోలీసు విభాగంలో తొలి మహిళా బృందం 2021లో శిక్షణ పూర్తి చేసుకుంది. సైనికుడికి సైనికురాలు ఉంది. సిపాయి, ప్రైవేట్, గన్నర్, సాపర్‌లకు స్త్రీలింగ రూపం కల్పించనక్కరలేదు, లింగం క్రియలో తెలుస్తుంది: ‘ప్రైవేట్ స్మిత్ చేరింది’. గార్డ్స్‌మన్, రైఫిల్‌మన్‌లలోని మన్‌ను మార్చి కొత్త పేరు పుట్టించకండి, ఆ సైన్యం ఏ పేరు వాడితే అదే రాయండి. గౌరవార్థంలో ‘చేరారు’, ‘మరణించారు’ అన్నప్పుడు స్త్రీయో పురుషుడో తెలియదు గనుక, తెలియవలసిన చోట ముందు వాక్యంలో ఒకసారి ‘ఆమె’ అని రాస్తే చాలు.