పోలీసులు పట్టుకున్న డబ్బుకి లెక్క ఎక్కడుంటుంది? టెక్సాస్‌లో మేం వెతుక్కున్న సంగతి

మీరు అడిగింది ఇది: అమెరికాలో ఎవరి మీదా నేరం మోపకుండానే పోలీసులు కారులో దొరికిన డబ్బు పట్టుకుపోవచ్చట కదా, అలా ఏటా ఎంత పట్టుకున్నారు, దాన్నేం చేశారు అన్నది మామూలు మనిషి చూడగలిగే లెక్క ఏదైనా ఉందా అని.

ఉంది. టెక్సాస్‌లో అయితే ప్రతి పోలీసు విభాగమూ, సర్కారు తరఫున కోర్టులో కేసులు నడిపే ప్రతి డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసూ ఏటా ఆ లెక్క రాసి రాష్ట్ర అటార్నీ జనరల్‌కి పంపాలి. వాటన్నిటినీ కలిపి అటార్నీ జనరల్ ఏడాదికోసారి నివేదిక వేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో కొన్నేళ్లవి నేను కూర్చుని చదివాను. చేసేది అకౌంటింగ్ పనే కాబట్టి గళ్లూ అంకెలూ నాకు కొత్త కాదు. అయినా మీరు తెలుసుకోవాలనుకునేది ఆ కాగితంలో కనపడదు. మా బామ్మర్ది కథ చెబితే ఎందుకో తెలుస్తుంది.

వాడు డాలస్ దగ్గర ఇడ్లీ, దోసెల బండి పెట్టాలనుకున్నాడు. సెకండ్‌హ్యాండ్ ఫుడ్ ట్రెయిలర్ ఒకటి చూసుకున్నాడు. అమ్మేవాడు క్యాష్ అయితేనే ఆ ధరకి ఇస్తానన్నాడు. వీడి దగ్గర చీటీ పాడిన డబ్బుంది. ఇక్కడ మనవాళ్లు పది పన్నెండు మంది కలిసి వేసుకునే చీటీలు మీకూ తెలిసే ఉంటాయి. రశీదులుండవు, సంతకాలుండవు, వాట్సాప్ గ్రూపే లెక్కల పుస్తకం. ఆ 18,600 డాలర్లు లంచ్ బ్యాగులో పెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరాడు. రెండున్నర గంటలు పోయాక ఓ చిన్న కౌంటీలో, లేన్ మారేటప్పుడు సిగ్నల్ వెయ్యలేదని ఆపారు. ఎక్కడికి పోతున్నావంటే ట్రెయిలర్ కొనడానికని చెప్పాడు. డబ్బు ఉందా అంటే ఉందన్నాడు. దాచాల్సిన పనేముంది అనుకున్నాడు పాపం. మాదకద్రవ్యాల వాసన పట్టే కుక్కని దింపారు, అది బ్యాగు దగ్గర చతికిలబడింది, వాసన తగిలిందని సైగ అన్నమాట. అంతే. జరిమానా టికెట్ కూడా రాయలేదు, వార్నింగ్ కాగితం ఒకటి, డబ్బుకి రశీదు ఒకటి చేతిలో పెట్టి వెళ్లమన్నారు. ఆ రశీదులో ఎంత తీసుకున్నారో అంకె వెయ్యలేదు, ‘అమెరికన్ కరెన్సీ, ఇంకా లెక్కించలేదు’ అని ఉంది.

తెనాలిలో మా అత్తయ్యకి ఫోన్లో చెబితే, ‘అదేంటి బాబూ, అక్కడ కూడా ఎలక్షన్లొచ్చాయా?’ అంది. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర కోడ్ ఉన్న రోజుల్లో 50 వేల రూపాయలు దాటితే కాగితాలు చూపించమంటారు, ఆవిడ ఎరిగిన తనిఖీ అదే. కాకపోతే అక్కడ కోడ్ అయిపోగానే చెక్‌పోస్టు లేచిపోతుంది. పైగా పట్టుకున్న స్టేషన్ ఖర్చులకి ఆ డబ్బు చేరదు. ఇక్కడ చేరుతుంది. నాకు ముందు మింగుడుపడనిది అదే.

మూడు వారాలకి కానిస్టేబుల్ ఇంటికొచ్చి కోర్టు కాగితాలిచ్చాడు. కేసు పేరు ‘స్టేట్ ఆఫ్ టెక్సాస్ వర్సెస్ 18,600 డాలర్లు’. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, ‘కేసు డబ్బు మీదా బావా, నా మీద కాదా?’ అన్నాడు. సివిల్ ఫర్ఫీచర్, అంటే సివిల్ జప్తు, అదే. వ్యాజ్యం వస్తువు మీద. మనిషి మీద నేరం రుజువు కావాల్సిన పని లేదు, క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు, సగం కంటే కాస్త ఎక్కువ మొగ్గితే చాలు. క్రిమినల్ కేసు కాదు కాబట్టి సర్కారు ఖర్చుతో లాయరు ఉండడు. డబ్బు పట్టుకున్న 30 రోజుల్లోగా వాళ్లు కేసు వెయ్యాలి. కాగితాలు మన చేతికందాక 20 రోజులు గడిచి వచ్చే సోమవారం పొద్దున 10 గంటల్లోపు మనం జవాబు వెయ్యాలి. వెయ్యకపోతే డిఫాల్ట్ తీర్పు, డబ్బు వాళ్లది.

మేం లాయరుని పెట్టాం. చీటీ డబ్బని నిరూపించమన్నాడు. తెలుగు వాట్సాప్ మెసేజీలు ఇంగ్లీషులోకి మార్పించి, ‘పాట’ అంటే ఏంటో వివరంగా రాసిచ్చాం. చీటీలో ఉన్న పన్నెండు మందినీ అఫిడవిట్ మీద సంతకం పెట్టమని అడిగితే ఐదుగురే పెట్టారు. మిగతావాళ్లు హెచ్‌-1బీ మీదున్నారు. పోలీసు కేసులో పేరు ఎక్కడ ఎక్కితే ఏమవుతుందోనని భయం. వాళ్లనేమనగలం? నా మొదటి ఆరేళ్లలో నేనూ పెట్టేవాణ్ణి కాదు.

చివరికి డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు బేరానికొచ్చింది. 14,000 వెనక్కిస్తాం, 4,600 వదులుకోండి అని. విచారణకి పోతే లాయరు ఖర్చు అంతకంటే ఎక్కువవుతుంది. ఒప్పుకుని సంతకం పెట్టాం. లాయరుకిచ్చింది 4,500.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరికొస్తాను. మరుసటి ఏడాది, ఆ కౌంటీ అటార్నీ జనరల్‌కి పంపిన ఏటి లెక్క ఫారం ఇమ్మని రాతపూర్వకంగా అడిగాను. టెక్సాస్ పబ్లిక్ ఇన్‌ఫర్మేషన్ చట్టం కింద ఎవరైనా అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఇస్తే వెంటనే ఇవ్వాలి, ఇవ్వకూడదనుకుంటే 10 పనిదినాల్లోపు అటార్నీ జనరల్ అభిప్రాయం అడగాలి. నాకు ఎనిమిదో రోజున ఈమెయిల్లో వచ్చింది.

ఫారం చూడటానికి బ్యాంకు స్టేట్‌మెంట్ లాగే ఉంటుంది. ఏడాది మొదట్లో నిలవ, ఆ ఏడాది పట్టుకున్న నగదు, వడ్డీ, యజమానులకి తిరిగిచ్చింది, జప్తు అయిపోయి తమ ఖాతాలోకి మార్చుకున్నది, చివర నిలవ. తర్వాత ఎన్ని వాహనాలు, ఎన్ని తుపాకులు. ఆపైన ఖర్చులు: జీతాలు, ఓవర్‌టైమ్, సామగ్రి, ప్రయాణాలు, శిక్షణ. కూడికలూ తీసివేతలూ సరిపోయాయి. ఆడిటర్‌గా అయితే నేను సంతకం పెట్టేస్తాను.

అందులో మా డబ్బు కోసం వెతికాను. ‘తిరిగిచ్చింది’ అన్న గడిలో 15,150 ఉంది. మా 14,000 తీసేస్తే మిగిలింది 1,150. అంటే ఏడాది మొత్తంలో ఆ కౌంటీ వెనక్కిచ్చిన డబ్బంతా దాదాపు మాదే! ఇక మా 4,600 జప్తు గడిలో కలిసిపోయింది. అది కోర్టులో వాదించి గెలిచిన డబ్బో, అవతలివాడు రాకపోతే డిఫాల్టులో వచ్చిందో, మాలాంటి వాళ్లతో బేరమాడి ఉంచుకున్నదో ఆ గడి చెప్పదు. ఎవరినైనా అరెస్టు చేశారా, ఎంతమంది మీద నేరం రుజువైంది, సగటున ఒక్కొక్కరి దగ్గర ఎంత తీసుకున్నారు, ఇవేవీ లేవు. దొంగ లెక్క కాదది. అడగని ప్రశ్నకి రాసిన నికార్సైన లెక్క.

అందుకే నేను చెప్పేది, ఫారం ఒక్కటీ పట్టుకుని కూర్చోకండి, కోర్టు ఫైళ్లు ఉండే డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసుకి వెళ్లండి. ప్రతి జప్తూ ఒక సివిల్ కేసు కాబట్టి ప్రతిదానికీ ఫైలుంటుంది. నేను ఓ శుక్రవారం సెలవు పెట్టి వెళ్లాను. జనం కోసం పెట్టిన కంప్యూటర్ ఒకటి ఉంది. ప్రతివాది పేరులో ‘కరెన్సీ’ అని కొట్టగానే వరసగా వచ్చాయి. స్టేట్ వర్సెస్ ఇంత డబ్బు, స్టేట్ వర్సెస్ ఫలానా పికప్ ట్రక్కు, స్టేట్ వర్సెస్ రెండు మొబైళ్లూ ఒక గొలుసూ. క్లర్కు పెద్దావిడ, ‘ఇవి చూడ్డానికి ఎవరూ రారు’ అని కుర్చీ వేసింది. మధ్యాహ్నం దాకా చూశాను. చాలా ఫైళ్లలో మూడే కాగితాలు: పిటిషన్, కాగితాలు అందాయన్న రుజువు, డిఫాల్ట్ తీర్పు. అవతలివైపు నుంచి ఒక్క అక్షరం లేదు. రెండు వేలు, తొమ్మిది వందలు, ఆ లోపు మొత్తాలే ఎక్కువ. తొమ్మిది వందల కోసం లాయరుని ఎవరు పెడతారు?

ఆ 1,150 ఎవరిదో కూడా అక్కడే దొరికింది. లాయరు లేడు. గీతల కాగితం మీద చేత్తో రాసిన ఒకటిన్నర పేజీ జవాబు, వెనకాల రెండు పే స్టబ్‌ల (జీతం కాగితాల) జిరాక్సులు. నెల తిరక్కుండానే స్టేట్ కేసు వదిలేసుకుంది, మొత్తం తిరిగిచ్చేసింది. లాయరుకి 4,500 పోసి, పైగా 4,600 వదులుకున్న మాకు అది చూశాక ఇంటికెళ్లేదాకా మాటల్లేవు. లాయరు వద్దనడం లేదు, మాకు పే స్టబ్ లేదు, చీటీ ఉంది.

దేశం మొత్తం మీద లెక్క అడిగినా ఇదే చిక్కు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే న్యాయసేవా సంస్థ 2020లో రాష్ట్రాలూ కేంద్రమూ ఇచ్చిన వివరాలన్నీ పోగేసి, 2000 నుంచి 2019 దాకా జప్తు అయింది కనీసం 6,880 కోట్ల డాలర్లని తేల్చింది. ఆ ‘కనీసం’ ఎందుకంటే అన్ని రాష్ట్రాలూ అన్నేళ్ల వివరాలూ ఇవ్వలేదు. విడివిడి కేసుల వివరాలు దొరికిన 21 రాష్ట్రాల్లో నగదు జప్తులన్నీ వరసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది 1,276 డాలర్లు. మాదకద్రవ్య ముఠాల వెన్ను విరుస్తున్నాం అని పోలీసులు చెప్పే మాటని ఈ ఒక్క అంకె పక్కన పెట్టి చూడండి. మొత్తాలు మాత్రమే ఇచ్చే రాష్ట్రంలో ఈ అంకె తియ్యడం అసలు సాధ్యం కాదు.

కేంద్రం సంగతి మరోటి. టెక్సాస్ పోలీసులు పట్టుకున్న డబ్బుని కేంద్ర ఏజెన్సీకి అప్పగించి, ఆ చట్టం కింద జప్తు చేయించి, 80 శాతం దాకా వాటాగా వెనక్కి తెచ్చుకోవచ్చు. అప్పుడు రాష్ట్ర చట్టం కింద జరిగిన జప్తుల్లో అది కనపడదు, కేంద్ర న్యాయశాఖ ఏటా ఇచ్చే వాటాల పట్టికలో వెతకాలి. కేంద్రం జప్తు నోటీసులు ఫర్ఫీచర్ డాట్ గవ్‌లో 30 రోజులు ఉంచుతారు, తర్వాత తీసేస్తారు. అక్కడ ఇంకో తిరకాసు, నగదుకి మీరు క్లెయిమ్ వెయ్యకపోతే జడ్జి ముఖమే చూడకుండా ఏజెన్సీయే జప్తు చేసేసుకుంటుంది. ఉత్తరం వచ్చిందంటే అందులో గడువు తేదీ చూసుకోండి, పంపిన రోజు నుంచి కనీసం 35 రోజులు ఇస్తారు.

2017లో న్యాయశాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే డీఈఏ (ఆ శాఖ కింది మాదకద్రవ్య నిరోధక సంస్థ) జప్తుల్ని తిరగేశాడు. 2007 నుంచి పట్టుకున్న నగదు 400 కోట్ల డాలర్ల పైమాట, అందులో 320 కోట్లు అలా కోర్టు లేకుండా పోయినవే. నమూనాగా 100 కేసులు తీసి చూస్తే, ఆ జప్తు వల్ల ఏదో ఒక దర్యాప్తుకి ఉపయోగం జరిగిందని చూపించగలిగినవి 44. ఇది కూడా ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచాకే బయటపడింది. అన్నాళ్లూ వార్షిక మొత్తాలు అచ్చవుతూనే ఉన్నాయి.

చేయాలనుకుంటే చేయొచ్చు. మిన్నెసోటాలో రాష్ట్ర ఆడిటర్ దగ్గరికి ఏజెన్సీలు ఒక్కో జప్తుకీ వివరాలు పంపాలి, ఆడిటర్ ఏటా నివేదిక వేస్తాడు. న్యూ మెక్సికో రాష్ట్రం 2015లో, మెయిన్ రాష్ట్రం 2021లో సివిల్ జప్తునే ఎత్తేశాయి, నేరం రుజువైతేనే ఆస్తి జోలికి పోవాలి. టెక్సాస్ కూడా అసలు కదల్లేదని కాదు. టెనాహా అనే చిన్న ఊళ్లో, డబ్బు వదులుకుంటావా, కేసు పెట్టమంటావా అని రోడ్డు పక్కనే సంతకాలు పెట్టించుకున్న గొడవ 2008లో కోర్టుకెక్కింది. ఆ తర్వాత 2011లో అలా పట్టుకున్న చోటే హక్కు వదులుకునే కాగితం మీద పోలీసు సంతకం అడగకూడదని చట్టం మార్చారు. కాబట్టి ఎవరైనా రోడ్డు మీద అలాంటి కాగితం చేతికిస్తే పెట్టకండి.

మీరు అడగబోతే ఫారం ఒక్కటే అడగకండి. ఆ ఏడాది వేసిన జప్తు కేసుల నంబర్ల జాబితా, జప్తు ఖాతా నుంచి చేసిన చెల్లింపుల జాబితా కూడా అదే లేఖలో రాయండి. నాకు కేసు నంబర్లు ఇచ్చారు, చెల్లింపులకి మళ్లీ రాయాల్సి వచ్చింది. దర్యాప్తులో ఉన్న కేసుల కాగితాలు ఇవ్వమంటే ఇవ్వరు, వాటి కోసం పట్టుబట్టి టైమ్ పోగొట్టుకోకండి. నంబర్లుంటే చాలు, మిగతాది క్లర్క్ దగ్గరుంటుంది. కొన్ని కౌంటీల ఫైళ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే తెరుచుకుంటున్నాయి, సెలవు పెట్టక్కర్లేదు. మీ కౌంటీ పేరు కింద రాస్తే అక్కడ ఎలా వెతకాలో చూసి చెప్తాను.

బామ్మర్ది ట్రెయిలర్ ఇంకోటి కొన్నాడు, ఈసారి బ్యాంకు రాసిచ్చే క్యాషియర్స్ చెక్కుతో. చీటీ కూడా నడుస్తోంది. పాట ఫోన్లోనే పాడుతున్నాం గానీ డబ్బు మాత్రం బ్యాంకు నుంచి బ్యాంకుకే, మెమోలో ‘చీటీ, నాలుగో నెల’ అని రాసి మరీ.