కువైట్ అరబిక్‌తో ఆస్పత్రి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 34 ఏళ్లు. ఇంటర్ చదివాడు. 11 ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చాడు. ఏడు నెలలుగా ఖాళీగా కూర్చున్నాడు. అరబిక్ గలగలా మాట్లాడతాడు. హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగాలున్నాయని విన్నాం. మా బావమరిది మాత్రం జపనీస్ నేర్పిస్తే ఇంటర్‌ప్రెటర్‌గా లక్షలు వస్తాయంటున్నాడు. రెండింటిలో ఏది మంచిది?
- ఒక తండ్రి, రాయచోటి

జవాబు: రెండూ పోల్చి చెబుతాను గానీ, ముందు మీతో ఓ మాట. ఆ పదకొండేళ్ల జీతంతోనే కూతురి పెళ్లి చేశామని, ఇంటికి స్లాబ్ వేశామని మీ పూర్తి ఉత్తరంలో మీరే రాశారు. అదే ఉత్తరంలో ‘ఖాళీగా కూర్చున్నాడు’ అని నాలుగుసార్లు రాశారు. అబ్బాయి ఏం చేద్దామనుకుంటున్నాడో మాత్రం ఒక్క ముక్కా లేదు. గల్ఫ్ నుంచి పిల్లలు తిరిగొచ్చిన ఇళ్ల నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అడిగేది కోర్సు గురించి, లోపల గుబులు వేరే: ‘మళ్లీ ఎప్పుడు వెళ్తున్నాడు?’ అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి? ఏమీ చెప్పక్కర్లేదండీ. ఏడు నెలలు పెద్ద విషయమేం కాదు. ఆ టెన్షన్ అతని నెత్తిన పెట్టకండి.

ఇక ఆస్పత్రి సంగతి. ఒమన్, యెమెన్, ఇరాక్, సూడాన్ లాంటి దేశాల నుంచి వైద్యానికి హైదరాబాద్ వచ్చేవాళ్లున్నారు కాబట్టి ఆ పని ఉన్నమాట నిజమే. కానీ రెండు భాషలు వచ్చినంత మాత్రాన దుబాసీ అయిపోరు. ఓసారి ఒక ఆస్పత్రిలో నా కళ్లారా చూశాను. రోగి నిమిషంన్నర మాట్లాడాడు, మధ్యలో మూడు వేళ్లు చూపించాడు. పక్కనున్న కుర్రాడు డాక్టరుతో ‘కడుపునొప్పంట సార్’ అని ఊరుకున్నాడు. ఆ మూడు రోజులో, నెలలో, వాంతులో డాక్టరుకు చేరనేలేదు.

1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగింది ఇంకా ఘోరం. స్పృహలేని 18 ఏళ్ల కుర్రాడి గురించి ఇంట్లోవాళ్లు స్పానిష్‌లో ‘ఇంటాక్సికాడో’ అన్నారు. తిన్నది వికటించిందని వాళ్ల ఉద్దేశం. డాక్టర్లకు అది మత్తుమందు ఎక్కువైందన్నట్టు వినిపించింది. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. ఆ కుర్రాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి.

అందుకే అమెరికాలో మెడికల్ ఇంటర్‌ప్రెటర్‌గా సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు ముందు కనీసం 40 గంటల శిక్షణ చూపించాలి. ఆ శిక్షణలో మొదట మాన్పించేది మన ‘అంట’నే. రోగి ‘నాకు నొప్పి’ అంటే ఇంటర్‌ప్రెటరూ ‘నాకు నొప్పి’ అనే చెప్పాలి. అంకెలు విన్నవెంటనే కాగితం మీద పెట్టాలి. ‘ఆయనకు క్యాన్సరని చెప్పొద్దు బాబూ’ అని బంధువులు గుసగుసగా అంటే, ఆ గుసగుసనూ డాక్టరుకు చెప్పాలి. దాచడమా చెప్పడమా అన్నది తేల్చేది ఇంటర్‌ప్రెటర్ కాదు. మొహమాటస్తులకు ఇదే అన్నిటికంటే కష్టం.

మీవాడి అరబిక్‌లోనూ లోటుంటుంది. డ్రైవరుగా నేర్చింది ఇంటి మాటలు, రోడ్డు మాటలు. మూత్రపిండం, మత్తు ఇంజెక్షన్, రక్తం గడ్డకట్టడం లాంటివి అక్కడ ఎవరు మాట్లాడి ఉంటారు? కువైట్ వాళ్లు ‘ష్లోనక్’ అని పలకరిస్తారు. సూడాన్ మనిషి యాస పూర్తిగా వేరు. చదవడం, రాయడం వచ్చో లేదో మీరు రాయలేదు. రాకపోతే రిపోర్టుల దగ్గర ఆగిపోతాడు. అరబిక్ పద్ధతిగా నేర్పే విభాగాలు హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియా, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం మూడింట్లోనూ ఉన్నాయి. ఇంటర్ అర్హతతో ఏ కోర్సులో చేర్చుకుంటారో అతన్నే వెళ్లి కనుక్కోమనండి. వెంట మీరు వెళ్లకండి.

జపనీస్ విషయంలో నాకు మొదట్నుంచీ అనుమానమే. కోచింగ్ వాళ్లు గోడల మీద రాయించే ‘ఎన్5’ జపనీస్ భాషా పరీక్ష (జేఎల్‌పీటీ) ఐదు స్థాయిల్లో అన్నిటికంటే కిందిది. పైగా ఆ పరీక్షలో ఏ స్థాయిలోనూ మాట్లాడే భాగమే లేదు, చదివి, విని జవాబు గుర్తించడమే. నోరు విప్పకుండా పాసయ్యే పరీక్షతో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగమంటే నేను నమ్మను. పై స్థాయికి చేరడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఆగే ఓపిక మీకుందా? అతనికి ఉంటుంది లెండి, నా భయం మీ గురించే. డ్రైవరుగా జపాన్ వెళ్తానంటే ఆ లెక్క వేరు. 2024లో వాళ్ల నైపుణ్య వీసాలో బస్సు, ట్యాక్సీ, లారీ నడిపే పనినీ చేర్చారు. మీ బావమరిది విన్నది బహుశా అదేనేమో.

కాబట్టి చేతిలో ఉన్న అరబిక్‌నే సానబెట్టమంటాను. ఫీజు కట్టేముందు ఓ సాయంత్రం అబ్బాయిని ఈ పని చేసి చూడమనండి: రెండు నిమిషాల తెలుగు వార్తలు విని, ఆపేసి, అరబిక్‌లో చెబుతూ ఫోన్లో రికార్డు చేసుకోవాలి. తర్వాత అరబిక్ వార్తలు విని తెలుగులో చెప్పాలి. ఎన్ని పేర్లు, ఎన్ని అంకెలు జారిపోయాయో లెక్కపెట్టుకోవాలి. మొదటిరోజు సగం పోతాయి, కంగారు పడొద్దు. నెల తర్వాత కూడా ఆ పని విసుగు పుట్టించకపోతే నాకు రాయమనండి. ఈసారి ఉత్తరం అతనే రాయాలి.